రెస్క్యూ డ్రోనుకి రాడార్: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది చిన్న టీమ్. డ్రోన్లకి సెన్సర్లు బిగించడం, అవి దేన్నీ గుద్దుకోకుండా చూడటం, గుద్దుకున్నాక ఎందుకు గుద్దుకుందో లాగ్ తీసి చూడటం మా పని. కాలేజీ పిల్లలు, వ్యవసాయ డ్రోన్లు నడిపేవాళ్ళు, వరద సహాయానికి వెళ్ళే వాలంటీర్లు అడిగిన ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ అడుగుతుంటారు. ఫోన్‌లో చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి ఇలా రాసి పెడుతున్నాను.

కెమెరా ఉండగా రాడార్ దేనికి?

ఎండ కాస్తున్న పగటిపూట కెమెరా చాలు, నేనూ ఒప్పుకుంటాను. కానీ రెస్క్యూ పని ఎండ చూసుకుని రాదు కదా. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు మునిగిపోయినప్పుడు, మేడల మీద చిక్కుకున్నవాళ్ళకి డ్రోన్లతో అన్నం పొట్లాలు, నీళ్ళు, మందులు అందించారు. ఆ వీధులు ఒకసారి తలుచుకోండి. ఇరుకు సందులు, మేడ మీంచి మేడ మీదకి లాగిన కేబుల్ వైర్లు, స్తంభాల మీద చుట్టలు చుట్టలుగా ఇంటర్నెట్ తీగలు, రేకుల షెడ్లు, మధ్యలో కొబ్బరిచెట్లు. దానికి తోడు కరెంటు లేదు, రాత్రయితే చీకటి, పైన వాన. లెన్సు మీద ఒక్క చినుకు పడిందంటే కెమెరాకి లోకమంతా మసక. రెండు కెమెరాలతో దూరం కొలిచే పద్ధతి అయితే, సున్నం కొట్టిన ఖాళీ గోడ ఎదురొచ్చినా తడబడుతుంది, ఎందుకంటే రెండు బొమ్మల్లోనూ పోల్చుకోవడానికి ఒక్క గుర్తు కూడా ఉండదు.

రాడార్ రేడియో తరంగాలు పంపి, తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటుంది, దానికి వెలుతురుతో పని లేదు. పొగ, దుమ్ము, పొగమంచు దాన్ని పెద్దగా ఆపలేవు. బొమ్మ అందంగా ఇవ్వదు, నిజం చెప్పాలంటే బొమ్మే ఇవ్వదు, "ఇటు పక్క పన్నెండు మీటర్లలో ఏదో ఉంది" అంటుంది, అంతే. చీకట్లో ఆ ఒక్క మాటే బంగారం.

లైడార్ పెట్టుకుంటే సరిపోదా?

డబ్బుంటే పెట్టుకోండి, మంచిదే. లైడార్ అంటే లేజర్ కాంతి పంపి దూరం కొలిచే సెన్సర్, అది ఇచ్చే వివరం రాడార్ ఇవ్వలేదు. అయితే లైడార్ వాడేది కాంతి, మామూలుగా 905 లేదా 1550 నానోమీటర్లు. పొగమంచులో ఒక్కో నీటి తుంపర మిల్లీమీటరులో వందో వంతు ఉన్నా, ఆ కాంతి తరంగం ముందు అది కొండంత. కాంతి దాన్ని తగిలి చెల్లాచెదురు అయిపోతుంది. 77 గిగాహెర్ట్జ్ రాడార్ తరంగం పొడవు దాదాపు 3.9 మిల్లీమీటర్లు, ఆ తుంపరని అసలు లెక్కే చేయదు. వాన సంగతి కొంచెం వేరు, చినుకు సైజు కూడా మిల్లీమీటర్లలోనే ఉంటుంది కాబట్టి రాడార్‌కీ దెబ్బ తగులుతుంది. గంటకి 25 మిల్లీమీటర్ల జోరువానలో 77 గిగాహెర్ట్జ్ దగ్గర కిలోమీటరుకి సుమారు 10 డెసిబెల్స్ (సిగ్నల్ బలం కొలిచే లెక్క) పోతాయి. వినడానికి భయంగా ఉంది కానీ మనం చూసేది 50 మీటర్ల దూరం, పోయి రావడానికి 100 మీటర్లు, అంటే పోయేది ఒక్క డెసిబెల్. దానికి టెన్షన్ పడక్కర్లేదు.

పెద్ద కంపెనీలు ఒక్కదాన్నే నమ్ముకోవడం లేదు. డీజేఐ 2025లో తెచ్చిన మాట్రిస్ 400లో తిరిగే లైడార్, మిల్లీమీటర్ వేవ్ రాడార్, కెమెరాలు మూడూ పెట్టారు.

రాడార్ అంటే ఎయిర్‌పోర్టులో తిరిగే పెద్ద పళ్ళెం కదా, డ్రోన్ మీద ఎలా పడుతుంది?

ఇప్పుడు చిప్ గోరంత ఉంటుంది. యాంటెన్నాలతో సహా బోర్డు అరచేతిలో ఇమిడిపోతుంది, కొన్ని వాట్ల కరెంటు చాలు. కార్ల పుణ్యమా అని ధర కూడా దిగొచ్చింది.

పని చేసే తీరు ఇలా ఉంటుంది. సన్నాయి వాయించే ఆయన కింది షడ్జమం నుంచి పై షడ్జమం దాకా ఒకే ఊపులో జారుకుంటూ వెళ్ళాడనుకోండి. ఎదురుగా గుడి గోడ తగిలి ఆ ధ్వని తిరిగొచ్చేసరికి ఆయన ఇంకా పై స్వరానికి వెళ్ళిపోయి ఉంటాడు. ఇప్పుడు వాయిస్తున్న స్వరానికి, వెనక్కి వచ్చిన స్వరానికి తేడా ఎంత ఉంటే గోడ అంత దూరం. రాడార్ చిప్ కూడా ఇలాగే ఫ్రీక్వెన్సీని కొన్ని పదుల మైక్రోసెకన్లలో కింది నుంచి పైకి జారుస్తుంది, దాన్ని చర్ప్ అంటారు. 20 మీటర్ల దూరంలో ఉన్న గోడ నుంచి ప్రతిధ్వని రావడానికి సెకనుని 75 లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కంత సమయం పడుతుంది. అంత చిన్న సమయాన్ని గడియారంతో కొలవాలంటే కష్టం, స్వరాల తేడాగా మార్చి కొలవడం సులువు. కిటుకంతా అదే.

ఇంకో ముచ్చట. రాడార్ అనగానే యుద్ధ విమానాలు గుర్తొస్తాయి కానీ, 1904లోనే జర్మనీలో క్రిస్టియన్ హ్యూల్స్‌మేయర్ అనే ఆయన పొగమంచులో ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా రేడియో తరంగాలతో కనిపెట్టే పెట్టె తయారుచేసి, కొలోన్‌లో రైన్ నది మీది వంతెన దగ్గర చూపించాడు. అప్పుడు ఎవరూ కొనలేదు. అంటే రాడార్ పుట్టిందే అడ్డంకులు చూడటానికి, మనం దాన్ని మళ్ళీ పాత ఉద్యోగంలోనే పెడుతున్నాం.

24, 60, 77 గిగాహెర్ట్జ్‌లో ఏది తీసుకోవాలి?

దగ్గర దగ్గరగా ఉన్న రెండు వస్తువుల్ని విడివిడిగా చూడటం బ్యాండ్‌విడ్త్ మీద, అంటే చర్ప్ కింది నుంచి పైకి ఎంత మేర జారుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. 24 గిగాహెర్ట్జ్ దగ్గర మామూలుగా దొరికేది 250 మెగాహెర్ట్జ్, దాంతో 60 సెంటీమీటర్ల తేడా మాత్రమే తెలుస్తుంది. 60 నుంచి 64, లేదా 77 నుంచి 81 దగ్గర 4 గిగాహెర్ట్జ్ దాకా దొరుకుతుంది, అప్పుడు 4 సెంటీమీటర్లలోపు. అందుకే పొలంలో పైరు మీద ఒకే ఎత్తులో ఎగరడానికి 24 చాలు. సందుల్లో దూరే డ్రోనుకి 60 లేదా 77. మేము ఎక్కువగా టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ 60 గిగాహెర్ట్జ్ బోర్డులతో నేర్చుకున్నాం. వాటికి డాక్యుమెంట్లు బాగుంటాయి, చిక్కుల్లో పడ్డప్పుడు నెట్‌లో జవాబు దొరుకుతుంది.

దూరం ఇంత బాగా తెలుస్తుంది కదా అని మురిసిపోకండి, దిక్కు దగ్గరకి వచ్చేసరికి పరువు పోతుంది. మూడు పంపే యాంటెన్నాలు, నాలుగు వినే యాంటెన్నాలు ఉన్న మామూలు చిప్ పక్కపక్కన ఉన్నవాటిని విడదీసి చూడాలంటే వాటి మధ్య సుమారు 15 డిగ్రీలు ఉండాలి. 20 మీటర్ల దూరంలో అది 5 మీటర్ల వెడల్పు! రెండు మేడల మధ్య నాలుగు మీటర్ల సందు ఉంటే దానికి సందే కనపడదు, రెండూ కలిసి ఒకే ముద్ద. దగ్గరికి వెళ్ళేకొద్దీ విడిపోతాయి. చిప్‌లు జోడించి యాంటెన్నాలు పెంచితే ఒకటి రెండు డిగ్రీలకి దిగుతుంది, బరువు, ఖర్చు, లెక్కల భారం మాత్రం పైకి పోతాయి.

ఎంత దూరం కనపడితే చాలు?

రాడార్ డబ్బా మీద రాసిన అంకె చూడకండి, మీ డ్రోన్ ఎంత దూరంలో ఆగుతుందో చూడండి. సెకనుకి 10 మీటర్లు, అంటే గంటకి 36 కిలోమీటర్లతో పోతోంది. చూసి, తేల్చుకుని, మోటార్లకి చెప్పేసరికి 0.3 సెకను, అప్పటికే 3 మీటర్లు పోయింది. బాగా బ్రేక్ వేస్తే ఇంకో 10 మీటర్లు. మొత్తం 13. ఇది ఖాళీ డ్రోన్ లెక్క. కింద మందుల పెట్టె ఊగుతూ ఉంటే అంత గట్టిగా బ్రేక్ వేయలేం, 20 మీటర్లు పడుతుంది. సెకనుకి 15 మీటర్ల వేగం, పైగా బరువు ఉంటే 40 దాటుతుంది. దీని మీద కొంత మార్జిన్ వేసుకోండి.

ఇక్కడ అందరూ మర్చిపోయేది ఇంకోటి ఉంది. మల్టీకాప్టర్ ముందుకి పోవాలంటే ముక్కు కిందికి వంచాలి, ఆగాలంటే ముక్కు పైకెత్తాలి. గట్టి బ్రేక్‌లో 25 డిగ్రీలు దాటి లేస్తుంది. మీ రాడార్ నిలువుగా అటు 15, ఇటు 15 డిగ్రీలు మాత్రమే చూస్తుంటే, సరిగ్గా ప్రమాదం ముంచుకొచ్చిన క్షణంలో అది ఆకాశం చూస్తూ "అంతా ఖాళీ" అంటుంది! మా మొదటి డ్రోన్ గోడని చూసింది, బ్రేక్ వేసింది, ముక్కు లేచింది, గోడ మాయమైంది, బ్రేక్ వదిలేసింది. వెళ్ళి గోడకి కొట్టుకుంది. లాగ్‌లో అది పూర్తిగా నిజాయితీగా ప్రవర్తించింది, తప్పు మాదే. ఒకసారి చూసిన అడ్డంకిని కొన్ని సెకన్లయినా మ్యాప్‌లో గుర్తుపెట్టుకోవాలి, కనపడనంత మాత్రాన చెరిపేయకూడదు.

కరెంటు తీగలు కనపడతాయా?

అందరూ అడిగే ప్రశ్న, జవాబు కొంచెం పొడుగు.

మన ఊళ్ళలో 11 కేవీ లైన్లకి ఎక్కువగా వాడే రాబిట్ కండక్టర్ మందం 10 మిల్లీమీటర్లు, వీజిల్ అయితే 8కి కాస్త తక్కువ. లైన్‌మన్లు ఈ పేర్లతోనే పిలుస్తారు. ఆకాశం నేపథ్యంలో కెమెరాకి అది ఒకటి రెండు పిక్సెళ్ళు. రాడార్‌కి లోహం కాబట్టి సులువనిపిస్తుంది. తీగకి సరిగ్గా ఎదురుగా, లంబంగా వస్తే నిజంగానే బాగా మెరుస్తుంది. చిక్కు ఏమిటంటే తీగ అద్దంలాంటిది. ఏటవాలుగా వస్తే తరంగం అటుపక్కకి జారిపోతుంది, మన వైపు దాదాపు ఏమీ రాదు. లైను వెంట ఎగురుతూ కొంచెం కొంచెంగా దాని మీదకి ఒరుగుతున్న డ్రోనుకి ఆ తీగ లేనట్టే లెక్క.

కొంచెం ఊరట ఉంది. రాబిట్ అంటే ఒకే తీగ కాదు, ఏడు పోగులు పురి తిప్పిన తాడు. ఆ పురి వల్ల తీగ పొడవునా ఒకే దూరంలో మెట్లు మెట్లుగా ఉంటుంది, ఆ మెట్లు తరంగాల్ని కొన్ని ప్రత్యేకమైన కోణాల్లో తిప్పి పంపుతాయి. కాబట్టి లంబంగా లేకపోయినా అక్కడక్కడ మెరుపులు కనపడతాయి. తరంగం పొడవు చిన్నదైన 77 దగ్గర ఇది పనికొస్తుంది, 24 దగ్గర పురి అంతగా తెలీదు. ఇంటికి లాగిన నున్నటి ప్లాస్టిక్ తొడుగు కేబుల్‌కి ఈ అదృష్టం లేదు. ఫైబర్ కేబుల్‌లో చాలా రకాలకి లోహం కూడా పెద్దగా ఉండదు.

మేము పాటించే పద్ధతి మోటుది. తీగని వెతకం, స్తంభాన్ని వెతుకుతాం. స్తంభం, దాని మీది అడ్డ ఇనుము, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎటు నుంచి చూసినా గట్టిగా కనపడతాయి. రెండు స్తంభాలు వరసలో కనపడితే మధ్యలో తీగ ఉందనే అనుకుని అక్కడ గోడ కట్టేస్తాం మ్యాప్‌లో. ఒక్కోసారి పాత, తీగలు తీసేసిన స్తంభాల మధ్య కూడా డ్రోన్ పోనని మొండికేస్తుంది. వేయనీండి.

గాలిపటం దారం?

కనపడదు. సంక్రాంతి వారంలో హైదరాబాద్‌లో డ్రోన్ ఎగరేసేవాళ్ళకి నా సలహా, ఎగరేయకండి. మాంజా ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే ఏ సెన్సరూ కాపాడదు.

చెట్లు, కొబ్బరిమట్టలు?

ఆకుల్లో నీళ్ళుంటాయి, నీళ్ళు రాడార్‌ని బాగా తిప్పికొడతాయి. పచ్చని మామిడి చెట్టు పెద్ద దూదిముద్దలా కనపడుతుంది, వానలో తడిస్తే ఇంకా బాగా. ఎండిపోయిన కొమ్మ, ఎండుమట్ట మాత్రం చాలా బలహీనం. తుఫాను తర్వాత మట్టలు విరిగి వేలాడుతుంటాయి కదా, అవి దగ్గరికి వచ్చేదాకా తెలీవు. ఎండిన కొమ్మల దగ్గర వేగం తగ్గించడం తప్ప మాకు వేరే మందు దొరకలేదు.

వరద నీటి మీద సరిగ్గా పనిచేస్తుందా?

కిందికి చూసే ఎత్తు రాడార్ చాలా బాగా పనిచేస్తుంది. పారే నీళ్ళ మీద కెమెరాతో స్థిరంగా నిలబడే డ్రోన్లు నీటితోపాటు కొట్టుకుపోతుంటాయి, కెమెరా చూసేది కదిలే నీటినే కాబట్టి. రాడార్ ఎత్తుకి ఆ బాధ లేదు.

ముందుకి చూసే రాడార్‌కి మాత్రం నిశ్చలమైన నీరు అద్దం. తరంగం నీటిని తాకి గోడకి పోయి, మళ్ళీ నీటి మీదుగా వెనక్కి వస్తుంది. అసలు గోడ ఒకటి, నీటి కింద ఇంకో దొంగ గోడ. రేకుల షెడ్డు, నీళ్ళు కలిశాయంటే ఇక జాతరే. ఒక చెరువు గట్టున మేము పరీక్షిస్తుంటే నీళ్ళ మధ్యలో, ఏమీ లేనిచోట, అడ్డంకి ఉందని డ్రోన్ ఆగిపోయింది. అరగంట తల బద్దలు కొట్టుకున్నాక గట్టు మీద ఆగిన మా ఆటోని పక్కకి జరిపితే ఆ అడ్డంకీ జరిగింది. ఇలాంటి దయ్యాలని వడగట్టాలంటే, డ్రోన్ కాస్త ఎత్తు మార్చినప్పుడు ఆ బిందువు తన చోట తాను నిలబడుతుందా జారుతుందా అని చూడాలి. నిజం గోడ జారదు.

కారు రాడార్ తీసి డ్రోనుకి పెట్టేస్తే?

ఆ చిప్ పనికొస్తుంది, ఆ సాఫ్ట్‌వేర్ పనికిరాదు. కారు రాడార్‌కి ముఖ్యం కదిలే వాహనాలు. రోడ్డు పక్క బోర్డులు, పైన వంతెనలు, మ్యాన్‌హోల్ మూతలు ఇలా కదలని వాటన్నిటికీ బ్రేక్ వేస్తే కారు నడవదు, కాబట్టి కదలనివాటిని చాలావరకు పట్టించుకోకుండా రాసేవాళ్ళు. డ్రోనుకి అడ్డం వచ్చేవి దాదాపు అన్నీ కదలనివే! పైగా కారు చూసేది అడ్డంగా పరుచుకున్న లోకాన్ని, డ్రోనుకి పైనా కిందా కూడా కావాలి. రెడీమేడ్ మాడ్యూల్ కొనేముందు దుకాణం వాడిని ఒకటే అడగండి, నిలువు కోణం కొలుస్తుందా లేదా అని. కొలవకపోతే కింద నేల, ఎదురు గోడ దానికి ఒకటే.

ఊరికే అలారం కొడుతోంది, ఏం చేయాలి?

సంతలో నిలబడి ఫోన్ మాట్లాడుతున్నారనుకోండి, చుట్టూ గోల ఎంత ఉంటే అంత గట్టిగా వినపడితేనే ఎవరో పిలిచారని తిరిగి చూస్తారు. రాత్రి ఇంట్లో అయితే చిన్న చప్పుడుకే లేస్తారు. రాడార్‌లో సీఫార్ అనే లెక్క చేసేది అదే, చుట్టుపక్కల రణగొణ ఎంత ఉందో కొలిచి, దానికి మించి ఎంత ఉంటే అడ్డంకి అనాలో ఎప్పటికప్పుడు మార్చుకుంటుంది. ఆ గీత పైకి జరిపితే దొంగ అలారాలు తగ్గుతాయి, సన్న తీగలూ పోతాయి. కిందికి జరిపితే తీగలు వస్తాయి, వాటితోపాటు ప్రొపెల్లర్ ప్రతిధ్వనీ, వాన చినుకులూ వస్తాయి. ఒక బడి గ్రౌండ్‌లో డెమో ఇవ్వాల్సి వచ్చినప్పుడు డ్రోన్ ఊరికే ఆగుతోందని మా వాళ్ళు ఆ గీత పైకి లాగేశారు. డెమో అద్భుతంగా జరిగింది. మర్నాడు అదే సెట్టింగుతో క్రికెట్ నెట్ కట్టిన గుంజని కొట్టింది. ఒకే ఫ్రేమ్‌ని, అంటే రాడార్ ఒక్కసారి చూసినదాన్ని నమ్మకుండా, వరసగా ఐదింట్లో మూడుసార్లు కనపడితే ఒప్పుకోవడం లాంటి మార్గం మేలు.

ఆటోపైలట్‌కి ఎలా కలపాలి?

ఆర్డుపైలట్, పీఎక్స్4 అనే ఆటోపైలట్ సాఫ్ట్‌వేర్లు రెండూ మావ్‌లింక్ (డ్రోన్ భాగాలు మాట్లాడుకునే భాష) సందేశం ద్వారా అడ్డంకుల దూరాలు తీసుకుంటాయి. చుట్టూ వలయాన్ని 72 ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో దగ్గరి అడ్డంకి ఎంత దూరమో పంపాలి. ఆర్డుపైలట్‌లో బెండీ రూలర్ అనే పద్ధతి పక్కకి వంగి దాటిస్తుంది.

ఆ సందేశంలో ఒక సంగతి మాత్రం కళ్ళు పెట్టి చదవండి. "ఇటు ఏమీ లేదు" అనడానికి ఒక అంకె ఉంది, గరిష్ఠ దూరం కంటే ఒకటి ఎక్కువ. "ఇటు నాకు తెలీదు" అనడానికి ఇంకో అంకె ఉంది, 65535. ఈ రెండూ ఒకటి కాదు. కొత్తగా కోడ్ రాసేవాళ్ళు ప్రతిధ్వని రాని ప్రతిచోటా మొదటిది పంపేస్తారు. తీగ ఏటవాలుగా ఉన్నా, రాడార్ మీద బురద పడ్డా, చిప్ వేడెక్కి ఆగిపోయినా అన్నిటికీ "ఖాళీ" అనే జవాబు పోతుంది. ప్రతిధ్వని రాలేదంటే దారి ఉందని కాదు, మనకి వార్త రాలేదని మాత్రమే. నేను చూసిన ప్రమాదాల్లో సగం ఈ ఒక్క అంకె దగ్గర మొదలైనవే. పీఎక్స్4 ఈ విషయంలో జాగ్రత్తపరురాలు, సెన్సర్ డేటా లేని దిక్కుకి డిఫాల్ట్‌గా కదలనివ్వదు. అది చిరాగ్గా ఉందని ఆ సెట్టింగ్ మార్చేసేవాళ్ళని చూశాను, దయచేసి మార్చకండి.

బిగించేటప్పుడు ఏం జాగ్రత్తలు?

రాడార్ ముందు కార్బన్ ఫైబర్ పెట్టకండి. అది కరెంటు పోనిచ్చే పదార్థం, తరంగాల్ని ఆపేస్తుంది. ఒక కుర్రాడు ఎంతో ముచ్చటగా కార్బన్ ప్లేటు కోసి మూత చేసి తెచ్చాడు, రాడార్ పనిచేయడం లేదని రెండు రోజులు కోడ్ వెతికాం! ఏబీఎస్ లాంటి ప్లాస్టిక్ వాడండి, మందం కూడా ముఖ్యం, 77 దగ్గర సుమారు 1.2 మిల్లీమీటర్లు లేదా దాని గుణిజాలు అయితే తిరిగి తగిలేది తక్కువ. మూత మీద నీళ్ళు నిలవకుండా ఏటవాలుగా పెట్టండి, పలచటి నీటి పొర వాన మొత్తం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ల్యాండింగ్ కాళ్ళు, ప్రొపెల్లర్ అంచులు చూపులో పడకుండా చూసుకోండి.

జీపీఎస్ లేని సొరంగంలో, పొగలో?

ఇక్కడ రాడార్‌కి అడ్డంకులు చూడటం కాకుండా ఇంకో ఉపయోగం ఉంది. ఎదురుగా ఉన్న గోడ మన వేగంతోనే దగ్గరవుతుంది, పక్కన ఉన్న గోడ దగ్గరవడం లేదు, మధ్యలోవి మధ్యస్థంగా. కదలికని బట్టి ప్రతిధ్వని స్వరం మారడాన్ని డాప్లర్ అంటారు, దాంతో ఈ తేడా కొలవొచ్చు కాబట్టి, చుట్టూ ఉన్న కదలని బిందువులన్నిటినీ కలిపి లెక్క కడితే డ్రోన్ ఎటు, ఎంత వేగంతో పోతోందో ఒక్క ఫ్రేమ్‌లోనే తెలుస్తుంది. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 2018 నుంచి 2021 దాకా నడిపిన భూగర్భ పోటీలో గుహల్లో, సొరంగాల్లో రోబోలకి దుమ్ము, పొగ పెద్ద తలనొప్పి. ఫైర్ వాళ్ళతో పనిచేసేవాళ్ళకి రాడార్ మీద ఆసక్తి పెరగడానికి అదీ ఒక కారణం.

శిథిలాల కింద మనుషుల్ని ఇదే రాడార్ కనిపెడుతుందా?

లేదు, అది వేరే రకం. 2015 నేపాల్ భూకంపం తర్వాత చౌతారాలో శిథిలాల కింద ఉన్న నలుగురిని నాసా వాళ్ళ ఫైండర్ అనే రాడార్ సాధనం గుండె కొట్టుకునే కదలిక పట్టి కనిపెట్టింది. దాన్ని నేల మీద కదలకుండా పెట్టి వాడతారు. ఊపిరికి ఛాతీ కదిలేది కొన్ని మిల్లీమీటర్లు, గాల్లో నిలబడ్డ డ్రోన్ ఊగేది సెంటీమీటర్లు, కాబట్టి ఎగురుతూ ఆ పని చేయడం చాలా కష్టం. కిందికి దిగి నిలబడి వింటే వేరే మాట. 2025 ఫిబ్రవరిలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం కూలినప్పుడు వాడిన జీపీఆర్ ఇంకో జాతి, అది తక్కువ ఫ్రీక్వెన్సీతో మట్టిలోకి చూస్తుంది. పేర్లన్నీ రాడారే, పనులు వేరు.

హెలికాప్టర్ వస్తే తప్పుకుంటుందా?

ఈ చిన్న రాడార్‌తో తప్పుకోలేదు. హెలికాప్టర్ సెకనుకి 50 మీటర్లతో వస్తుంటే, మనది 10తో ఎదురెళ్తుంటే, 120 మీటర్ల దూరంలో చూసినా మిగిలేది రెండే సెకన్లు. వరదల్లో నేవీ, ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు తిరుగుతుంటే కంట్రోల్ రూమ్‌తో మాట్లాడుకుని, చెప్పిన ఎత్తులో, చెప్పిన వేళల్లోనే ఎగరాలి. దూరం నుంచి వచ్చే విమానాల కోసం వేరే ఏర్పాట్లు ఉంటాయి, ఉదాహరణకి జిప్‌లైన్ అనే కంపెనీ డ్రోన్లు మైకులతో చప్పుడు విని పసిగడతాయి.

రేడియేషన్ భయం ఉందా?

చిప్ యాంటెన్నా పంపేది 16 మిల్లీవాట్లు, అటూ ఇటూగా. మీ జేబులో 4జీ ఫోన్ 200 దాకా పోతుంది. ప్రొపెల్లర్‌కి భయపడండి.

నాలుగు డ్రోన్లు ఒకేచోట ఎగిరితే?

ఒకరి చర్ప్ ఇంకొకరి చెవిలో పడి రణగొణ పెరుగుతుంది, బలహీనమైన ప్రతిధ్వనులు మునిగిపోతాయి. చర్ప్ మొదలయ్యే సమయాలు, అది జారే వేగం డ్రోన్ డ్రోనుకి మార్చి పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

అనుమతులు?

డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం రిజిస్ట్రేషన్, 2 కిలోలు దాటితే రిమోట్ పైలట్ సర్టిఫికెట్, గ్రీన్ జోన్‌లో 400 అడుగుల లోపు. పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి నుంచి ఆపేశారు, విడిభాగాలు తెచ్చుకోవచ్చు. రాడార్ కూడా రేడియో పరికరమే కాబట్టి డబ్ల్యూపీసీ (రేడియో తరంగాల అనుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) అనుమతి సంగతి కొనేముందే చూసుకోండి. విపత్తు వచ్చిందని ఎవరికి వారు ఎగరేయడం సాయం కాదు, కలెక్టర్ ఆఫీసు చెప్తేనే వెళ్ళండి.

పరీక్షించడం ఎలా?

ఖాళీ పొలం, రెండు వెదురు బొంగులు, లైన్‌మన్‌ని అడిగితే తుక్కులో దొరికే పది మీటర్ల రాబిట్ ముక్క. అసలు లైను దగ్గరికి పోవద్దు. బొంగుల మధ్య తీగ కట్టి, డ్రోన్‌ని ఎగరేయకుండా చేత్తో పట్టుకుని, ప్రొపెల్లర్లు తీసేసి, తీగ వైపు నడవండి. ముందు లంబంగా, తర్వాత పది పది డిగ్రీలు పక్కకి తిరుగుతూ. ఏ కోణంలో ఎంత దూరంలో మాయమవుతుందో నోట్‌బుక్‌లో రాసుకోండి. మాకు ఈ పట్టిక తయారవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. గేదెలు మేపుకుంటున్న తాత ఒకాయన ఇదంతా చూసి, "ఎదురుగా పోతే కనిపించి పక్కనుంచి పోతే కనపడదా, మా పెద్దల్లుడు లాగే ఉందే" అన్నాడు. మరుసటి వారం వాన పడ్డ రోజు అదే తీగ, అదే నడక మళ్ళీ చేశాం. తడిసిన మూతతో ప్రతి దూరమూ తగ్గింది, ఆ రెండో పట్టికనే డ్రోన్‌లో పెట్టాం.